గోల్ఫు ఆడి బతికిన ఏళ్లు

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోపుల అవతల ఒకప్పుడు గోల్ఫు మైదానం ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అభ్రకం ఎగుమతి చేసే కంపెనీ దొరలు శని ఆదివారాలు గడపడానికి అక్కడ ఒక బంగళా కట్టుకున్నారు. దాని చుట్టూ పంటకు పనికిరాని చవుడు నేల, ఇసుక మేటలు. ఆ నేలలోనే తొమ్మిది గుంటలు తవ్వి, తొమ్మిది జెండాలు పాతి, క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. మా నాయన ఆ బంగళాకు కాపలాదారు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. కాబట్టి నేను పెరిగింది ఆ బంగళా వెనక వరండాలోనే. దొరల సంచులు మోయడం, ముళ్లపొదల్లో పడిన బంతులు వెతకడం, వాళ్లు లేని రోజుల్లో వాళ్లు పారేసిన విరిగిన కర్రకు కొత్త పిడి కట్టి నేను కూడా కొట్టి చూడడం, ఇదే నా చదువు.

ఆట చెప్పడానికి కష్టమేమీ లేదు. కర్రతో బంతిని కొడుతూ పోయి దూరాన జెండా పాతిన గుంటలో వేయాలి. తక్కువ దెబ్బల్లో వేసినవాడు గెలిచినట్టు. మంచి మైదానాల్లో గుంట చుట్టూ పచ్చిక తివాచీ పరిచినట్టుంటుంది. మాకు తాగడానికే మంచినీళ్లు దూరం నుంచి బండి మీద రావాలి, ఇంక పచ్చికెక్కడిది? అందుకని గుంట చుట్టూ గుండ్రంగా ఇసుక పోసి, వాడేసిన ఇంజనాయిలు అందులో కలిపి, తొక్కి చదును చేసేవాళ్లం. దొరలు వాటిని బ్రౌన్లు అనేవాళ్లు. ప్రతి మనిషీ ఆడేముందు దాని మీద గోనెసంచి ఈడ్చి అడుగుల గుర్తులు చెరపాలి. ఎండాకాలం ఆ నూనె వాసన బట్టల్లోకి, జుట్టులోకి, తినే అన్నంలోకి కూడా వచ్చేది.

యాభైల చివర్లో, నాకు ఇరవై దాటినాక, క్లబ్బు సెక్రటరీగా ఉన్న దొర ఒక ఆదివారం నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, ఈ రోజు నుంచి నువ్వు మా ప్రొఫెషనల్‌వి అన్నాడు. అంటే కొత్తగా వచ్చినవాళ్లకు ఆట నేర్పాలి, కర్రలు బాగుచేయాలి, బ్రౌన్లు చూసుకోవాలి, పోటీలకు పోతే జీతం కోసం ఆడేవాళ్ల లెక్కలో ఆడాలి. ఒక నియమం కూడా చెప్పాడు. ఆటకు డబ్బు తీసుకునేవాడు క్లబ్బు లోపల కుర్చీలో కూర్చోకూడదు, అది ఇక్కడి పద్ధతి కాదు, ఇంగ్లండులో కూడా అంతే అన్నాడు. నేను తలూపాను. అప్పటిదాకా కూర్చున్నవాణ్ణి కాదు గనుక నాకు పోయిందేమీ కనపడలేదు.

ఆ తర్వాతి సంవత్సరమే పెళ్లి మాట వచ్చింది. కోవూరులో మా మేనమామ దర్జీ. ఆయన కూతురు మిషన్ బడిలో చదివి, ట్రైనింగు ముగించి, ఇందుకూరుపేట ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరింది. మామ వచ్చి బంగళా వరండాలో కూర్చుని మా నాయనను అడిగాడు.

"బావా, పిల్లోడు చేసే పనేంది?"

"బంతి కొడతాడు," అన్నాడు నాయన.

"అది సరే, పనేంది?"

"అదే పని," అన్నాడు నాయన.

మామ నాకేసి చూశాడు. నేను అప్పుడు ఒక కర్ర పిడికి తోలు చుడుతున్నాను. ఆ తోలు చుట్టడం చూసి కాస్త ధైర్యం వచ్చిందేమో, చేతిపని ఉన్నవాడే గదా అని ఒప్పుకున్నాడు. చర్చిలో పాస్టరయ్యగారు పెళ్లి చేశారు. దొరలు ఒక గడియారం పంపించారు.

మా ఆవిడకు నా పని ఏమిటో తెలుసుకోవాలని ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా మైదానానికి వచ్చి, చెప్పులు చేతబట్టుకుని నా వెంట ఇసుకలో నడిచింది. అంత దూరం కొట్టి, అంత దూరం నడిచి, చివరికి బంతి గుంటలో పడినాక, దాన్ని మళ్లీ చేత్తో తీయడం చూసి నవ్వింది. తర్వాత ఎప్పుడూ అడగలేదు. పోయేటప్పుడు అన్నం మూట కట్టేది, వచ్చినప్పుడు నీళ్లు కాచేది.

మొదటి పోటీకి మైసూరు రాష్ట్రంలో ఒక గనుల ఊరికి పోయాను. అక్కడా నీళ్లు లేవు, మా మాదిరే బ్రౌన్లు. రైల్లో మూడో తరగతి పెట్టెలో కర్రల సంచి ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరి కాళ్లకు తగిలేది. టిక్కెట్లు చూసే ఆయన సంచి తట్టి బోరింగు పైపులా అని అడిగాడు. కాదండీ ఆట సామాను అంటే నమ్మక, సంచి విప్పించి ఒక కర్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు.

ఆ పోటీ నేను గెలిచాను. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి వచ్చినవాళ్లకు పచ్చిక అలవాటు. నూనె ఇసుక మీద బంతి ఎంత దూరం జారుతుందో వాళ్లకు అంతుబట్టలేదు. నేను పుట్టింది దాని మీదే. చివరి గుంటలో బంతి వేసి తలెత్తేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. గెలిస్తే ఒంట్లో ఏదో అవుతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఏమీ కాలేదు. ఆకలి మాత్రం వేసింది. బహుమతి వరండా మెట్ల మీద నిలబెట్టి ఇచ్చారు. లోపల వాళ్ల విందు జరుగుతుంటే నేను వెనక వంటింటి దగ్గర బట్లర్లతో కూర్చుని తిన్నాను. కూరలో ఉప్పు ఎక్కువైంది. ఆ రోజు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ ఉప్పే.

ఇంటికొచ్చినాక మా ఆవిడ అడిగింది. "సంతోషంగా ఉండావా?"

"ఉండా," అన్నాను. ఆమె నా ముఖం కాసేపు చూసి, సరేలే అని పొయ్యి దగ్గరికి పోయింది.

గెలిచినవాడు గనుక మద్రాసు పోటీలకు పంపాలని దొరలు అనుకున్నారు. అప్పటి నుంచి నా జీవితం రెండు ముక్కలైంది. వానలు వెలిసి చలి మొదలైనప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా మద్రాసు, బెంగుళూరు, ఊటీ, ఒకసారి కలకత్తా. మిగతా నెలలు ఇక్కడ ఇసుకలో. మద్రాసులో నాకు ఆసరా ఒక పెద్దాయన. ఆయన కూడా సంచులు మోసి పైకొచ్చిన ప్రొఫెషనలే, ఓ పెద్ద క్లబ్బులో పని. అరవవాడైనా తల్లి వైపు తెలుగు వచ్చు. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి. సైదాపేట వైపు ఆయన అద్దెగదిలోనే దిగేవాణ్ణి. పచ్చిక మీద ఆడడం ఆయనే నేర్పించాడు. బ్రౌను మీద బంతిని కొట్టినట్టు పచ్చిక మీద కొడితే అది గుంట దాటి అవతలికి పోతుంది. గడ్డి ఏ వైపుకు వాలి ఉందో చూడాలి. పొద్దున మంచుకు ఒక తీరు, మధ్యాహ్నం ఎండకు ఒక తీరు. అన్నీ నేర్చుకున్నాను గాని, అది నాకు పరాయి భాష మాదిరే ఉండిపోయింది. మాట్లాడగలను, కలలో రాదు.

మొదటి రెండేళ్లు సగం పోటీల్లో మధ్యలోనే బయటికి నెట్టేశారు. రెండు రోజుల ఆట అయినాక వెనకబడినవాళ్లను తీసేస్తారు. తీసేసినవాళ్లకు ఏమీ రాదు, తిరుగు టిక్కెట్టు సొంతం. మూడో ఏడు కాస్త కుదిరింది. అయిదో స్థానం, ఎనిమిదో స్థానం, ఊటీలో ఒకసారి నాలుగు. ఇంటికి పెంకులు వేయించాం. మాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రోజు నేను కలకత్తాలో ఉన్నాను. అక్కడ వానకు ఆట ఆగిపోతే సంచులు మోసే క్యాడీల షెడ్డులో గోనెపట్టాల మీద పడుకుని నిద్రపోయాను. తిరిగొచ్చేసరికి పిల్లకు మెడ నిలిచింది. చేతుల్లోకి తీసుకున్నాను. పిల్ల బరువు తెలిసింది. అంతకంటే ఏమి తెలియాలో నాకు తెలియలేదు. నాయన మాత్రం రోజంతా పిల్లను భుజాన వేసుకుని బంగళా చుట్టూ తిరిగేవాడు.

అరవైలు మొదలైన కొద్ది కాలానికి మద్రాసులో పెద్ద ఛాంపియన్‌షిప్పు జరిగింది. దేశం నలుమూలల నుంచి ప్రొఫెషనల్స్ వచ్చారు. మూడు రోజుల ఆట ముగిసేసరికి నేను రెండో స్థానంలో ఉన్నాను. ఆ సంగతి అన్న మా బంగళాకు ఫోను చేయించి చెప్పించాడు. నాయన పిల్లను తాను చూసుకుంటానని మా ఆవిడను బండెక్కించాడు. అదే మొదలు, అదే ఆఖరు, ఆమె నా పోటీ చూడడానికి రావడం. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, క్యాడీల ఇళ్లవాళ్లతో కలిసి తాడు వెనక నిలబడింది. అన్న భార్య ఆమెకు గొడుగు పట్టింది.

ఆ రోజు చాలా బాగా ఆడాను. నా ముందున్నవాడు వెనకబడ్డాడు. చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి నా బంతి గుంటకు రెండడుగుల దూరంలో ఉంది. అది వేస్తే గెలిచినట్టు. వేయకపోయినా, తర్వాతి దెబ్బకు వేస్తే ఇంకో ఇద్దరితో సమానం. రెండడుగులంటే చంటిపిల్లవాడైనా తోసేస్తాడు. కర్ర బంతి వెనక పెట్టాను. గుంటను చూశాను. మళ్లీ బంతిని చూశాను. చేతులు కదలలేదు.

భయం కాదు. భయమైతే గుండె కొట్టుకునేది, నాకు గుండె కూడా మామూలుగానే ఉంది. చేతులు అక్కడ ఉన్నాయి, కర్ర ఉంది, రెండింటికీ మధ్య నేను లేను. ఎంతసేపు అలా నిలబడ్డానో. తర్వాత కుడిచేయి దానంతట అదే ఒక్కసారి ఎగిరిపడింది. బంతి గుంట పక్కగా దూసుకుపోయి అవతల ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారికి పడింది. మూడో స్థానం.

జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు. నేను తాడు దగ్గరికి పోయాను. మా ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"గెలిచినావు గదా మావా. అందరూ చప్పట్లు కొట్టినారు."

అన్న భార్య తల తిప్పుకుంది. నేను లేదని చెప్పాను. మూడోవాణ్ణి అన్నాను. మూడంటే మంచిదే గదా అంది ఆమె. మంచిదే అన్నాను. మెరీనా చూపిస్తానని అంతకుముందు అన్నాను గనుక ఆ సాయంత్రం తీసుకుపోయాను. మనూరి సముద్రం మాదిరే ఉందే అని, శనగలు కొనుక్కుని, ఇసుకలో కూర్చుంది.

ఆ తర్వాత ఆ చెయ్యి నన్ను వదల్లేదు. దూరం కొట్టడంలో తేడా లేదు. పెద్ద కర్ర పట్టుకుంటే ఎప్పటి మనిషినే. గుంట దగ్గరికి వచ్చి చిన్న కర్ర పట్టుకుంటే చాలు, చేతులు మొద్దుబారేవి, తర్వాత ఎగిరిపడేవి. నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ వేళ్లన్నీ ముడిచి, విప్పించి, సూదితో గుచ్చి చూసి, చేతిలో ఏ జబ్బూ లేదంది. పాస్టరయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మామ కోవూరు నుంచి ఏదో తైలం తెచ్చి రుద్దించాడు. అన్న పట్టు మార్చమన్నాడు, బంతిని చూడకుండా గుంటను చూస్తూ కొట్టమన్నాడు, కళ్లు మూసుకుని కొట్టమన్నాడు. ఒక్కొక్కటి ఓ వారం పనిచేసేది.

మా ఆవిడ ఒక రోజు పలకల మీద దిద్దిన అంకెలు చూస్తూ ఉన్నట్టుండి అంది. "మా బళ్లో ఎడంచేత్తో రాసే పిల్లోడుండాడు. నేను వాడి చెయ్యి మార్చలా. నువ్వూ ఎడంచేత్తో కొట్టి చూడరాదా?"

మద్రాసులో ఒక కమ్మరి దగ్గర ఎడంచేతి కర్ర చేయించాను. జనం చూసి నవ్వారు. ప్రతి దెబ్బా కుడిచేత్తో కొట్టి, గుంట దగ్గరికి రాగానే అటు తిరిగి ఎడంచేత్తో కొట్టేవాణ్ణి. ఒక సీజనంతా ఆ ఎడంచెయ్యి కాపాడింది. గనుల ఊళ్లో రెండో స్థానం వచ్చింది, హైదరాబాదులో నాలుగు. పత్రికలో ఓ మూల నా గురించి ఓ మాట వచ్చిందని అన్న చెప్పాడు. తర్వాతి ఏడు ఎడంచెయ్యి కూడా కుడిచేతి దారే పట్టింది.

అప్పటికి నేను మధ్యలోనే తీసేసేవాళ్లలో మళ్లీ కలిసిపోయాను. అలాంటి రోజుల్లో బెంగుళూరు పోటీ వచ్చింది. ఎలాగో రెండు రోజులు గట్టెక్కాను. మూడో రోజు పొద్దున బూట్లకు తాళ్లు కట్టుకుంటుంటే క్లబ్బు ప్యూను టెలిగ్రాం తెచ్చాడు. నాకు ఇంగ్లీషు చదవడం అంతగా రాదు. అన్న చదివి కాగితం మడిచి చేతిలో పెట్టుకున్నాడు.

"నాయన పోయినాడంట తమ్ముడూ. నిన్న సాయంత్రం."

నేను ఒక బూటు తాడు ముడి వేశాను. రెండోదీ వేశాను. మద్రాసు బండి సాయంత్రం దాకా లేదు. అన్న నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. గదికి పోయి పడుకుంటావా అని అడిగాడు. పడుకుని ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆడతానన్నాను.

ఆ రోజు ఆడిన ఆట నా మొత్తం జీవితంలో మళ్లీ ఆడలేదు. పొద్దున మంచు ఇంకా ఉంది. పచ్చిక మీద నా అడుగులు నల్లగా పడుతున్నాయి. మొదటి గుంట దగ్గర చిన్న కర్ర పట్టుకుని, చేతులు ఎప్పుడు ఎగిరిపడతాయా అని కూడా అనుకోలేదు. బంతి పోయి పడింది. రెండో గుంటా అంతే. రెండడుగులు, నాలుగడుగులు, పదడుగులు, పెడితే పడుతోంది. అన్నీ కుడిచేత్తోనే. చెయ్యి ఉందో లేదో తెలియదు. నాయన ముఖం తెచ్చుకుందామని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. వరండాలో ఆయన కూర్చునే స్టూలు కనిపించింది గాని మనిషి కనిపించలేదు. మధ్యాహ్నానికి నా వెంట జనం చేరారు. సాయంత్రానికి బోర్డు మీద నా పేరు అన్నిటికంటే పైన రాశారు. క్లబ్బు మెంబరు ఒకాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఈ మైదానంలో ఇంత తక్కువ దెబ్బల్లో ఎవరూ ముగించలేదని చెప్పాడు. ఆయనకు టెలిగ్రాం సంగతి తెలియదు.

నాలుగో రోజు ఆట మిగిలి ఉంది. అన్న నా సంచి తన భుజానికి వేసుకుని నిలబడ్డాడు.

"పోతే సమాధి చూస్తావు. ఉంటే గెలుస్తావు. ఏది మేలో నేను చెప్పను తమ్ముడూ, నువ్వే చూసుకో."

"బండికి పోతానన్నా," అన్నాను.

ఎందుకు పోయానో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. ఏడుపొచ్చి కాదు. తండ్రి పోతే కొడుకు ఇంటికి పోతాడని తెలుసు, అందుకని పోయాను. ఆ పోటీని, మూడో రోజుకు నాకంటే ఎంతో వెనకున్న ఒకతను గెలిచాడు. అతను మంచి ఆటగాడే.

మద్రాసులో బండి మారి, నెల్లూరులో దిగి, ఇందుకూరుపేట బస్సు పట్టుకునేసరికి పొద్దు వాలింది. అంతకుముందు రోజే సమాధి చేసేశారు. ఎండలకు అంతకంటే ఆపలేదు. నాయన సాయంత్రం పిల్లను ఆడించి, తల్లికి అప్పగించి, స్టూలు మీద కూర్చున్నవాడు అలాగే గోడకు ఒరిగాడట. పెట్టె చేయించడం, పాస్టరయ్యగారికి కబురు చేయడం, వచ్చినవాళ్లకు కాఫీలు, అన్నీ మా ఆవిడే చూసుకుంది. దొరలు ఇద్దరు వచ్చి టోపీలు తీసి నిలబడ్డారట. నన్ను సమాధి దగ్గరికి తీసుకుపోయింది. తడి ఇసుక కుప్ప, దాని మీద సరుగుడు కొమ్మతో కట్టిన శిలువ. పిల్ల ఆ ఇసుకలో వేళ్లు పెట్టి ఆడుకుంటుంటే ఆమె పక్కకు లాగింది.

ఇంటికొచ్చి స్నానం చేసినాక అడిగింది.

"ఆడతా ఉండంగా తెలిసిందా?"

"ఆడకముందే తెలిసింది."

ఆమె కంచం కడుగుతోంది. ఆ కడగడం ఆపలేదు. "బాగా ఆడినావా?"

"ఎప్పుడూ ఆడనంత."

"నాయన దానికేం అనుకోడు," అంది. "ఉండి గెలిచొచ్చినా ఏం అనుకోడు."

తర్వాత అన్నం పెట్టింది. తిన్నాను. ఊళ్లో కొందరు మాత్రం, తండ్రి పోయినా వీడి కంట్లో చుక్క రాలేదని అనుకున్నారు. అది నిజమే.

ఆ ఆట ఆ ఒక్క రోజుతో సరి. ఆ తర్వాత పోటీలకు పోయినప్పుడల్లా, అప్పుడు ఎలా నిలబడ్డానో అలా నిలబడడానికి చూశాను. ఏమీ తలుచుకోకుండా ఉండడానికి చూశాను. కుదరలేదు. చిన్న కర్ర పట్టుకోగానే చేతులు మొద్దుబారడం, ఎగిరిపడడం మామూలే. విచిత్రం ఏమిటంటే, ఆటలో ఎంత వెతికినా దొరకని ఆ ఏమీ అనిపించనితనమంతా మిగతా బతుకులో నిండుగా ఉండేది. పిల్ల మొదటిసారి పలక మీద అక్షరం దిద్దినప్పుడు, మామ పోయినప్పుడు, ఉప్పెన గాలికి మా పెంకులు సగం లేచిపోయినప్పుడు, నేను అన్నీ చూశాను, చేయాల్సింది చేశాను. మా ఆవిడ ఒకసారి పక్కింటామెతో నా గురించి చెబుతుంటే విన్నాను. ఆయన మంచోడే, ఇంట్లోనే ఉంటాడు, కాకపోతే ఎక్కడో ఉన్నట్టుంటాడు అని. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు.

ఆ గాలివానకే మైదానం కూడా పోయింది. మేటలు కదిలి బ్రౌన్లన్నీ ఇసుక కింద పడ్డాయి. మళ్లీ వేద్దామా అని నేను అడిగేలోపలే కంపెనీ చేతులు మారుతుందని తెలిసింది. దొరలు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఆఖరున మిగిలిన సెక్రటరీ దొర, నన్ను ప్రొఫెషనల్‌ని చేసినాయనే, సామాన్లు కట్టే రోజున నన్ను లోపలికి రమ్మని కుర్చీ చూపించాడు. పేము కుర్చీ. కూర్చున్నాను. ఆయన రెండు గ్లాసుల్లో నిమ్మరసం పోసి ఒకటి నాకిచ్చాడు. ఇద్దరం తాగాం. కుర్చీ పేము ఒకచోట తెగి తొడకు గుచ్చుకుంటోంది. ఇన్నేళ్లూ వాళ్లు దీంట్లోనే కూర్చున్నారా అనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, నా భుజం తట్టి లేచాడు. బంగళాను నెల్లూరు వ్యాపారి ఒకాయన కొని సరుగుడు కట్టెలు నిలవ చేసుకున్నాడు.

క్లబ్బు లేనివాణ్ణి పోటీలకు పంపేవాళ్లు లేరు. అయినా అన్న మాట మీద ఇంకో రెండు సీజన్లు మద్రాసు పోయాను. ఆఖరి పోటీలో మేమిద్దరం ఒకే జట్టులో పడ్డాం. అన్నకు కూడా మోకాళ్లు పట్టేసి, గుంట గుంటకూ ఆగి నిలబడుతున్నాడు. గాలి బాగా వీస్తోంది. సగం దాటినాక ఒక గుంట దగ్గర నా బంతి అడుగు దూరంలో ఆగింది. కొట్టాను, తప్పింది. అవతలి నుంచి కొట్టాను, తప్పింది. మళ్లీ కొట్టాను. క్యాడీ జెండా పట్టుకుని నేల చూస్తున్నాడు. నేను వంగి బంతిని చేత్తో తీసుకుని జేబులో వేసుకున్నాను. అలా తీసుకుంటే ఆట వదిలేసినట్టు. అన్న నాకేసి చూశాడు. మిగిలిన గుంటలన్నీ ఆయన సంచి నేను మోశాను. ఆయన వద్దనలేదు. రైలెక్కించేటప్పుడు అన్నాడు.

"నువ్వు శానా బాగా కొట్టేవాడివి. అది ఎవురూ కాదనరు."

"నీ మోకాలు చూపించుకో అన్నా," అన్నాను.

కొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాను. సరుగుడు తోపుల్లో కొమ్మలు కొట్టే పనికి పోయాను, మైపాడు వలలవాళ్లకు కొయ్యపని చేసిపెట్టాను. అరవైలు ముగియబోతుండగా మా ఆవిడకు నెల్లూరుకు బదిలీ అయింది. పెన్న ఒడ్డుకు దగ్గరలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పిల్ల అక్కడే బడిలో చేరింది. ఆఫీసర్లు టెన్నిస్ ఆడుకునే ఒక క్లబ్బులో కోర్టులు చూసుకునే మనిషి కావాలని ఆమె పనిచేసే బడి హెడ్‌మాస్టరు చెప్పాడు. పోయాను.

ఆ క్లబ్బు సెక్రటరీ, గుమాస్తాగా పనిచేసి రిటైరైన పెద్దాయన. మేజా వెనక కూర్చుని ఇన్నేళ్లూ ఏం చేశావని అడిగాడు.

"ఆడినానండి. గోల్ఫు."

"గోల్ఫా? ఎంతదాకా వచ్చినావు?"

ఆలోచించాను. గనుల ఊరు గుర్తొచ్చింది, బెంగుళూరు గుర్తొచ్చింది. బెంగుళూరు సంగతి చెప్పడానికి ఒక్క మాట సరిపోదు. "మద్రాసులో మూడో స్థానం దాకా వచ్చినానండి," అన్నాను.

ఆయన మంచిదే అన్నట్టు తలూపాడు. కోర్టుకు సున్నపు గీతలు తిన్నగా గీయగలవా అని అడిగాడు. గలనన్నాను. పొద్దున్నే ఎవరూ రాకముందే నీళ్లు చల్లి, రోలరు లాగి, వల కట్టాలి, రేపటి నుంచి రమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పాను. మా ఆవిడ పిల్లకు జడ వేస్తోంది. విని, రిబ్బను ముడి వేసి, పిల్లను లేవమని నా వైపు తిరిగింది.

"పొద్దున ఎన్నింటికి లేపాల?"

"అయిదింటికి," అన్నాను.